70 లీటర్ల డెజర్ట్ కూలర్లు: చల్లదనం సరే, నీళ్ల సంగతేంటి?

కూలర్ కొనడానికి షాపుకు వెళ్లినప్పుడు ట్యాంకు ఎన్ని లీటర్లని అడిగే ముందు వంగి డ్రెయిన్ ఎక్కడుందో చూడండి. ట్యాంకు అడుగు 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు అనుకుందాం. డ్రెయిన్ రంధ్రం అడుగుకంటే ఒక్క సెంటీమీటరు పైకి ఉన్నా 2.4 లీటర్ల నీళ్లు లోపలే ఉండిపోతాయి. బురద, సున్నం, జిగురు పొర చేరేది ఆ నీళ్లలోనే. పైన ఎన్నిసార్లు మంచినీళ్లు నింపినా అడుగున పాత నీళ్లు అలాగే ఉంటాయి. డెమో పీస్‌లో ఒక సీసాడు నీళ్లు పోయించి, బిరడా తీయించి, ఎన్ని మిగిలాయో చూడండి. రెండు గ్లాసులకు మించి మిగిలితే ఆ మోడల్ వద్దు. బిరడా చేతికి అందకుండా చక్రాల మధ్య ఇరుక్కుని ఉన్నా వద్దు, ఎందుకంటే చేతికి అందని బిరడాను వారం వారం ఎవరూ తీయరు.

ఇక్కడ చూస్తున్నవి తెలంగాణ మార్కెట్లలో మామూలుగా దొరికే మూడు రకాలు. హనీకోంబ్ ప్యాడ్లున్న ప్లాస్టిక్ డెజర్ట్ కూలర్లు, లోకల్‌గా బిగించి ఇచ్చే గడ్డి ప్యాడ్ల రేకు కూలర్లు, నీటిని పొగమంచులా చిమ్మే మిస్ట్ ఫ్యాన్లు. చూసింది రెండు విషయాలే: లోపలి నీళ్లు ఎంత శుభ్రంగా ఉంచుకోగలం, గదిలోకి వచ్చే గాలి ఎలా ఉంటుంది. మా తీర్పు ముందే చెప్తాం. డ్రెయిన్ సరిగా ఉన్న హనీకోంబ్ కూలర్ మంచి కొనుగోలు. రేకు కూలర్ కూడా పనికొస్తుంది, కానీ ఏటా గడ్డి మార్చే ఓపిక ఉండాలి. మిస్ట్ ఫ్యాన్ ఇంట్లోకి వద్దు.

నీళ్లు పోతాయి, ఉప్పు మిగులుతుంది

మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకోండి. ఆ గాలి తడి ప్యాడ్ గుండా వస్తే సిద్ధాంతపరంగా 24 డిగ్రీల దాకా చల్లబడొచ్చు. మంచి ప్యాడ్ అందులో 80 శాతం సాధిస్తుంది కాబట్టి బయటికి వచ్చే గాలి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. నిజంగా గంటకు 2,000 ఘనపు మీటర్ల గాలి ప్యాడ్ దాటితే ఆ గంటలో ఆవిరయ్యే నీళ్లు సుమారు 13 లీటర్లు. అంటే 70 లీటర్ల ట్యాంకు ఐదు గంటల్లో ఖాళీ. డబ్బా మీద రాసిన గాలి లెక్క అడ్డేమీ లేనప్పటిది. గ్రిల్లు, ప్యాడ్లు, కిటికీ ఫ్రేమ్ అన్నీ అడ్డుపడ్డాక వచ్చేది అంతకంటే తక్కువే.

ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే. అందులో కరిగిన లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. బోరు నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 1,000 మిల్లీగ్రాములైతే, రోజుకు 100 లీటర్లు ఆవిరైనప్పుడు 100 గ్రాముల లవణాలు కూలర్‌లో మిగులుతాయి. వాటిని బయటికి పంపకపోతే నెలకు మూడు కిలోలు. ప్యాడ్ మీద తెల్లగా గట్టిపడేది, పంపు షాఫ్ట్‌ను పట్టేసేది, పైన నీళ్లు పంచే తొట్టి రంధ్రాలు మూసేసేది ఇదే.

అందుకే పైపు తగిలించి ఫ్లోట్ వాల్వ్ పెట్టే ‘ఆటో ఫిల్’ను సౌకర్యంగా మాత్రమే చూడకూడదు. చేత్తో నింపే కూలర్ కనీసం రోజుకోసారి అడుగంటుతుంది, అప్పుడు మిగిలినవి పారబోయొచ్చు. ఆటో ఫిల్‌లో ట్యాంకు ఎప్పటికీ ఖాళీ కాదు, పోయిన నీళ్లకు బదులు కొత్త నీళ్లు కొత్త ఉప్పుతో సహా వస్తూనే ఉంటాయి. ఆటో ఫిల్ వాడేవాళ్లు బ్లీడ్ లైన్, అంటే ఉప్పు నీళ్లను కొంచెం కొంచెంగా బయటికి వదిలే ట్యూబు, పెట్టుకోవాలి. పని చిన్నదే. పంపు నుంచి పైకెళ్లే పైపుకు టీ ఆకారపు జాయింటు ఒకటి, దానికి చిన్న కాక్ (కుళాయి), దాని నుంచి సన్నని ట్యూబు బయట మోరీలోకి. డ్రిప్ ఇరిగేషన్ డ్రిప్పర్ బిగిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ అది పనిచేయదు. ఆ డ్రిప్పర్లకు ఒక బార్ ఒత్తిడి కావాలి, కూలర్ పంపు ఇచ్చేది అందులో ఐదో వంతు కూడా కష్టమే. తెరిచిన ట్యూబు, కాక్ చాలు. లీటరు సీసా పది నిమిషాల్లో నిండేలా తిప్పితే గంటకు 6 లీటర్లు పోతాయి. 13 లీటర్లు ఆవిరయ్యే చోట 6 లీటర్లు వదిలితే ట్యాంకులో లవణాలు కుళాయి నీళ్లకు మూడు రెట్ల దగ్గర నిలబడతాయి.

బ్లీడ్ లేనివాళ్లకు ఆర్‌ఓ మెకానిక్‌ల దగ్గరుండే పెన్నులాంటి టీడీఎస్ మీటర్ బాగా ఉపయోగపడుతుంది. పోసే నీళ్లు ఒకసారి కొలవండి, ట్యాంకు నీళ్లు ఒకసారి కొలవండి. సరఫరా నీళ్లయితే మూడు, నాలుగు రెట్లు కాగానే, గట్టి బోరు నీళ్లయితే రెండు రెట్లు కాగానే మొత్తం పారబోయాలి. ఒక జాగ్రత్త: అంకె పెరగడం ఆగి, గోడకు తెల్లపొర పెరుగుతుంటే నీళ్లు బాగున్నాయని కాదు. సున్నం కరిగి ఉండలేక రాయిగా మారుతోంది కాబట్టే మీటరుకు అది కనిపించడం లేదు.

ఏ నీళ్లు పోయాలి?

హైదరాబాద్‌లో మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లకు పెద్ద చిక్కు లేదు. కుళాయి నీళ్లే పోయండి. అందులో మిగిలి ఉండే కాస్త క్లోరిన్ కూడా మేలే చేస్తుంది. బోరు నీళ్లు కొలిచి వాడాలి. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో మొత్తం కాఠిన్యం (నీళ్ల గట్టిదనం) లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా ఫర్వాలేదు. కూలర్‌కు 400 దాటితేనే ప్యాడ్ ఆయుష్షు మీద తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ట్యాంకర్ నీళ్లలో ఒండ్రు ఎక్కువ, బకెట్లో గంటసేపు తేరనిచ్చి పై నీళ్లు పోయాలి.

ఆర్‌ఓ వదిలేసిన నీళ్లు కూలర్లో పోయమని వాట్సాప్‌లో తిరిగే సలహాను మాత్రం దయచేసి పాటించకండి. నీళ్లు ఆదా చేయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ అవి అప్పటికే చిక్కబడిన నీళ్లు. 600 టీడీఎస్ నీళ్లలో సగం శుద్ధి చేసి సగం వదిలే ఫిల్టర్ అయితే వదిలిన వాటిలో టీడీఎస్ 1,100 దాటుతుంది. కూలర్‌లో అవి రెండు రెట్లు కాకముందే ప్యాడ్ తెల్లబడుతుంది. వాటిని బాత్రూం కడగడానికి, తుడవడానికి వాడండి. శుద్ధి అయిన ఆర్‌ఓ నీళ్లు పోయడం మరో చివర. సున్నం పట్టదు నిజమే, కానీ తాగే నీళ్లు గంటకు 13 లీటర్లు ఆవిరి చేయడం దండగ. అంత పలుచని నీళ్లు రేకు కూలర్‌ను త్వరగా తుప్పు పట్టిస్తాయి కూడా. సాఫ్ట్‌నర్ నీళ్లు వాడితే రాయిలా గట్టిపడే సున్నం పోయి తుడిస్తే పోయే పొడి వస్తుంది. అయితే లవణాల మొత్తం తగ్గదు, పారబోయడం తప్పదు.

ప్యాడ్లు

హనీకోంబ్ ప్యాడ్ అంటే రెసిన్ పట్టించిన కాగితం. మడతలు మడతలుగా అతికించి చేస్తారు. మన దగ్గర కోళ్ల ఫారాల్లో వేడి, తేమ అదుపులో ఉంచే ఈసీ షెడ్లలో గోడలంతా పరిచేది ఈ రకమే, నీళ్లు ఎంత పారాలో ఆ షెడ్లు నడిపేవాళ్లకు బాగా తెలుసు. 10 సెంటీమీటర్ల మందం ప్యాడ్‌కు అడుగు పొడవుకి నిమిషానికి దాదాపు 2 లీటర్లు పడాలి. అందులో ఆవిరయ్యేది కొంచెమే, మిగతాదంతా ప్యాడ్‌ను కడుగుతూ కిందికి పోతుంది. పై తొట్టిలో నాలుగు రంధ్రాలు పూడితే ప్యాడ్ మీద నిలువునా పొడి చారలు పడతాయి. అక్కడి నుంచి వేడిగాలి, దుమ్ము నేరుగా లోపలికొస్తాయి. తడి, పొడి కలిసే అంచున సున్నం అన్నిటికంటే ముందు గట్టిపడుతుంది. చల్లదనం తగ్గిందని పంపు మార్చే ముందు వెనక గ్రిల్ తీసి, టార్చ్ వేసి ఈ చారలు చూడండి. చాలాసార్లు ఒక అగరబత్తి పుల్లతో రంధ్రాలు పొడిస్తే పోయే లోపం అది.

మెత్తటి బ్రష్‌తో మడతల వాటం వెంబడి రుద్ది, మామూలు పైపు నీళ్లతో కడగాలి. బైకులు కడిగే ప్రెషర్ గన్ పెడితే కాగితం చిరుగుతుంది. గట్టిపడ్డ సున్నానికి బాత్రూం యాసిడ్ వాడితే సున్నంకంటే ముందు ప్యాడే మెత్తబడి కూలిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు అంచుల్లో సందు లేకుండా కూర్చోబెట్టాలి. సందు ఉంటే నీటి చుక్కలు ఫ్యాన్‌లోకి లాగబడి గదిలో పడతాయి. కొత్త ప్యాడ్లకు మొదట రెసిన్ వాసన ఉంటుంది. మొదటి రెండు ట్యాంకుల నీళ్లు పంపు మాత్రమే నడిపి పారబోస్తే చాలావరకు పోతుంది.

గడ్డి చవక, మొదటి నెల చల్లదనం కూడా బాగుంటుంది. తర్వాత కిందికి జారి పైన ఖాళీ పడుతుంది. కుళ్లుతుంది, పొడి రాలి పంపు జాలీకి అడ్డం పడుతుంది. ఒక్క సీజన్‌కు మించి వాడకూడదు. వట్టివేరు ప్యాడ్ వాసన హాయిగా ఉంటుంది, కానీ ఆ సువాసన కింద కుళ్లు వాసన మొదలైనా తెలియదు. అది వాడేవాళ్లు ముక్కును నమ్మకుండా తేదీ చూసుకుని మార్చాలి.

వాసన, క్రిములు

చేపల వాసనో, తడిసిన గోనెసంచి వాసనో వస్తోందంటే ట్యాంకు గోడల మీద జిగురు పొర తయారైనట్టే. వేలితో రాస్తే జారుతుంది. నీళ్లు మారిస్తే అది పోదు, రుద్దాలి.

చాలామంది భయపడే లెజియోనెల్లా గురించి సరిగ్గా తెలుసుకోవాలి. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో జరిగిన సభకు వచ్చినవాళ్లకు న్యుమోనియాలాంటి జబ్బు సోకి పలువురు చనిపోయాక బయటపడిన బ్యాక్టీరియా అది. 20 నుంచి 45 డిగ్రీల నీళ్లలో పెరుగుతుంది, 35 దాటితే ఇంకా జోరుగా. గాలిలో తేలే సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నడుస్తున్న డెజర్ట్ కూలర్‌లో నీళ్లు 24, 25 డిగ్రీల దగ్గరే ఉంటాయి, ప్యాడ్ సరిగ్గా ఉంటే తుంపరలూ దాదాపు రావు. అందుకే పెద్ద భవనాల కూలింగ్ టవర్లతో పోలిస్తే ముప్పు తక్కువ. అసలు ముప్పు ఊరెళ్లినప్పుడు. నిండా నీళ్లతో బాల్కనీ ఎండలో పది రోజులు వదిలేసిన కూలర్‌లో నీళ్లు వెచ్చబడి ఏ క్రిమికైనా అనువుగా తయారవుతాయి. తిరిగొచ్చిన రాత్రే స్విచ్ వేస్తే ఆ నీళ్ల గాలి నేరుగా మంచం మీదికే వస్తుంది. ఊరెళ్లే ముందు పారబోయాలి. మరిచిపోతే వచ్చాక కడిగాకే ఫ్యాన్ వేయాలి.

వారానికోసారి చేయాల్సింది ఇదీ. ప్లగ్ తీసేయాలి. ప్యాడ్లు బయటపెట్టి నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, ఎండిపోవడమే వాటికి సగం మందు. ట్యాంకు ఖాళీ చేసి గోడలు, అడుగు, పంపు జాలీ బ్రష్‌తో రుద్దాలి. నెలకోసారి, లేదా వాసన వస్తే, ప్యాడ్లు లేకుండానే ట్యాంకులో 50 లీటర్ల నీళ్లు నింపి 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 50 మిల్లీలీటర్లు కలపాలి. అది లేకపోతే కొత్త బ్లీచింగ్ పౌడర్ 8 గ్రాములు మగ్గులో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయొచ్చు. ఫ్యాన్ వేయకుండా పంపు మాత్రం అరగంట నడిపి పారబోసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఈ మోతాదులో క్లోరిన్ రోజూ వాడితే ప్యాడ్ రెసిన్ పాడవుతుంది, అందుకే ప్యాడ్లు తీయమనేది. పంపు మీది సున్నానికి లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు, రాత్రి నానబెడితే వదులుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లూ బ్లీచింగ్ నీళ్లూ ఎప్పుడూ ఒకచోట కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

రోజూ చేయాల్సింది ఇంకా తేలిక. ఆపేటప్పుడు ముందు పంపు ఆపి, ఫ్యాన్ పావుగంట నడవనివ్వండి, ప్యాడ్లు ఆరుతాయి. వేసేటప్పుడు పంపు ఐదు నిమిషాల ముందు వేస్తే ప్యాడ్ మీది దుమ్ము గదిలోకి రాకుండా ట్యాంకులోకి కొట్టుకుపోతుంది. పంపుకూ ఫ్యాన్‌కూ వేరు స్విచ్‌లు లేని కూలర్‌లో ఈ రెండూ కుదరవు, కొనేటప్పుడు అదీ చూడండి.

డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వేసవిలో వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోయమంటూ మన దగ్గర ఫ్రైడే డ్రై డే అని, ఆదివారం పది గంటలకు పది నిమిషాలని ప్రచారం చేసింది అందుకే. అయితే పారబోస్తే సరిపోదు. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అతికిస్తుంది, అవి నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. ఆ అంచు చుట్టూ రుద్దకపోతే కొత్త నీళ్లు పోసినప్పుడు మళ్లీ లార్వాలు వస్తాయి. కిరోసిన్ చుక్కలు, ఫినాయిల్, డెటాల్ పోయడం తప్పు. నడిచే కూలర్‌లో పోసినవన్నీ మీ ముక్కులోకే వస్తాయి.

డబ్బా మీది ఆకర్షణలు

ఐస్ చాంబర్: కిలో ఐస్ కరిగితే 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది, లీటరు నీళ్లు ఆవిరైతే 2,400 పైనే. ఫ్రిజ్ ఐస్ ప్రభావం పది నిమిషాలు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ముందు వైపు కార్బన్ ఫిల్టర్, మల్టీ స్టేజ్ ఫిల్టర్ అన్న పల్చటి జాలీలు పెద్ద ధూళిని ఆపుతాయి, పొగలోని సన్నని కణాలను ఆపలేవు. తడి ప్యాడ్ కూడా అంతే, పుప్పొడి, మట్టి దుమ్ము పట్టుకుంటుంది, చెత్త తగలబెట్టిన పొగను పట్టుకోదు. ట్యాంకుకు యాంటీ బ్యాక్టీరియల్ పూత ఉన్నా దానిమీద బురద పొర పేరుకున్నాక పూత నీళ్లను తాకదు. నీళ్లను అయస్కాంతంతో మెత్తబరుస్తామనే పరికరాలు కొనకండి. ఓజోన్ వదిలేవి అసలు వద్దు, ఓజోన్ ఊపిరితిత్తులకు హాని.

గది గాలి

ఈ విషయంలో కిటికీ కూలర్‌కు మేం మంచి మార్కులే ఇస్తాం. 12 అడుగుల చదరపు గదిలో గంటకు 2,000 ఘనపు మీటర్ల గాలి అంటే గంటకు దాదాపు 50 సార్లు గది గాలి మారుతుంది. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో ఇది ఉండదు. కానీ లోపలికొచ్చిన గాలి బయటికి పోవాలి. ఈ లెక్కకు ఎదురు వైపు కిటికీ, తలుపు కలిపి సుమారు రెండున్నర చదరపు అడుగులు తెరిచి ఉంచాలి. 42 డిగ్రీల రోజున కూలర్ నుంచి వచ్చే గాలిలో తేమ 70 శాతం దగ్గర ఉంటుంది. గదిలో కాస్త వేడెక్కి 60కి దిగుతుంది, బయటికి పోతూ ఉంటే ఇబ్బంది లేదు. కిటికీలు మూస్తే, లేదా కూలర్‌నే గది మధ్యలో పెట్టి అదే గాలిని తిప్పితే, గంటలో ఒళ్లు జిగటగా అయిపోతుంది. వారాలు గడిస్తే పరుపులో డస్ట్ మైట్లు (కంటికి కనపడని దుమ్ము పురుగులు), బీరువా వెనక బూజు పెరుగుతాయి. ఉబ్బసం ఉన్న ఇంట్లో చిన్న తేమ మీటర్ పెట్టుకుని 65 దాటితే పంపు ఆపి ఫ్యాన్ మాత్రం నడపాలి.

కూలర్ వెనక ఏముందో కూడా చూడాలి. మోరీ, జనరేటర్, వంటింటి ఎగ్జాస్ట్ ఉంటే ఆ వాసనంతా లోపలికే. బాల్కనీ కూలర్ మీద పావురాలు గూడు కట్టకుండా వల కట్టండి, వాటి రెట్టల పొడి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు కొనే ముందు ఆలోచించాలి. 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజు ఎంత మంచి కూలరైనా 31 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, వచ్చే గాలిలో తేమ దాదాపు 90 శాతం. అక్కడ ఫ్యాన్ చాలు, కుదిరితే ఏసీ. తెలంగాణలోనైనా రోహిణి కార్తెలో ఉన్న పనితనం మృగశిర వానల తర్వాత ఉండదు.

మిస్ట్ ఫ్యాన్లను ఎందుకు వద్దన్నామంటే, అవి నీళ్లను ఆవిరి చేయడానికి ముందు తుంపరలుగా చిమ్ముతాయి. నీళ్లలో క్రిమి ఉన్నా, ఉప్పు ఉన్నా తుంపరతో పాటే గాలిలోకి వస్తుంది. టీవీ మీద, నల్ల సోఫా మీద పేరుకునే తెల్ల పొడి ఆ ఉప్పే. ఫంక్షన్ హాళ్లలో ఆరుబయట వాడుకున్నా, నీళ్లు ఆ రోజే నింపినవై ఉండాలి. టెంట్ హౌస్ నుంచి జంబో కూలర్లు తెప్పించేవాళ్లు కూడా దించగానే ట్యాంకు మూత తీసి చూడాలి. పోయిన పెళ్లి నీళ్లు అందులోనే ఉంటే అక్కడే పారబోయించి, కడిగించాలి.

రేకు కూలర్ కొంటే ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్, ఇంటి బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ తప్పనిసరి. ప్లగ్ తీయకుండా నీళ్లు నింపవద్దు, తడి చేత్తో బాడీ ముట్టుకోవద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వద్దు. మన ఊళ్లలో ఏటా వేసవిలో కూలర్ షాక్‌తో ప్రాణాలు పోతున్నాయి. లోపలి జింక్ పూత పోయి తుప్పు మొదలైతే నిమ్మ ఉప్పుతో కడగడం ఆపి, గీకి, ప్రైమర్, ఎపాక్సీ పెయింట్ వేయించాలి.

సీజన్ అయ్యాక పంపు విప్పి కడిగి ఆరబెట్టండి, ప్యాడ్లు రెండు రోజులు ఎండనిచ్చి తిరిగి బిగించండి, డ్రెయిన్ బిరడా తీసే ఉంచండి. పైన ప్లాస్టిక్ కవర్ గాలాడకుండా బిగిస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది, పాత దుప్పటి కప్పితే చాలు. వచ్చే మార్చిలో ప్యాడ్‌ను రెండు చేతులతో నొక్కి చూడండి. పెళుసుగా విరిగినా, మడతలు మూడో వంతు సున్నంతో మూసుకుపోయినా కొత్తవి వేయించాలి. గట్టి నీళ్ల ఊళ్లలో ఇది రెండు సీజన్లకోసారి వస్తుంది, నది నీళ్లు వచ్చే ఇళ్లలో మూడు దాకా ఆగుతుంది.